మేనత్తకొచ్చిన క్యాన్సర్ నాకూ వస్తుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మేనత్తకి 41వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు బాగానే ఉంది. నాయనమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. "అది మీ నాన్న వైపు జబ్బు, నీకు రాదులే" అంటుంది అమ్మ. నాకేమో టెన్షన్. టెస్టులు చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: అమ్మగారి మాట పక్కన పెట్టండమ్మా. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లలో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఆ లోపం నాన్న నుంచి కూడా సగానికి సగం అవకాశంతో పిల్లలకి వస్తుంది, ఆయనకి ఏ జబ్బూ లేకపోయినా సరే. జెనెటిక్ కౌన్సెలింగ్‌కి (వంశంలో వచ్చే జబ్బుల గురించి నిపుణులు ఇచ్చే సలహాకి) వెళ్లండి. అయితే ముందు టెస్టు మీకు కాదు, మేనత్తకి. కాస్త రక్తం చాలు. ఆవిడలో లోపం దొరికితే మీలో ఆ ఒక్కదాన్నే వెతకొచ్చు. ఆవిడని వదిలేసి మీకు చేస్తే 'ఏమీ లేదు' అని వచ్చినా పూర్తిగా నమ్మలేం. ఇంట్లో ఆడపిల్లల సంబంధాలు చెడతాయని ఆవిడ వెనకాడొచ్చు, నెమ్మదిగా చెప్పండి.

బీరువాలో ఆవిడ పాత బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి. అందులో ఈఆర్, పీఆర్, హెచ్ఈఆర్2 (క్యాన్సర్ కణాల మీద వెతికే మూడు రకాల ప్రొటీన్లు) మూడూ నెగెటివ్ అని ఉంటే బీఆర్‌సీఏ1 మీద అనుమానం పెరుగుతుంది.

మీలో లోపం ఉందని తేలితే ఏడాదికోసారి ఎంఆర్ఐ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రెండూ చేయించుకోవాలి. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది, ఇక ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే ఎంఆర్ఐ కూడా. మామోగ్రామ్ రోజు చంకల్లో పౌడర్ మాత్రం రాసుకోకండి, అదీ మచ్చల్లా కనబడుతుంది.

మందులంటారా, ఈ లోపమున్న కొందరు రోగులకి ఒలాపరిబ్ మాత్రలున్నాయి, క్యాన్సర్ కణం తన డీఎన్ఏని బాగుచేసుకునే ఒక దారి ఈ లోపంతోనే మూసుకుపోతుంది, ఇంకో దారినీ అవి మూసేస్తాయి. అదంతా జబ్బు వచ్చినవాళ్ల సంగతి, మీకు ఇప్పుడు కావాల్సింది మేనత్తకి ఒక ఫోను.