మిలిటరీ ఆయన గురించి మాట్లాడాలంటే యుద్ధం నుంచి మొదలుపెట్టకండి

మీ మామగారు 1971 యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు, పెద్దకర్మ రోజు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు, ఏం చెప్పాలి అని అడిగారు. నన్నడిగితే యుద్ధం జోలికి పోకండి. డిసెంబర్ 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది, పట్టుమని పదిహేను రోజులు లేదు. మరి మీ అత్తగారితో ఆయన కాపురం ఎన్నేళ్లు?

మా నాన్న ఇ.ఎం.ఇ.లో, అంటే ఆర్మీ బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రైనింగ్ అయ్యాక సర్వీసంతా ఆర్మీ శక్తిమాన్ లారీల కిందే గడిపి, హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చేశారు. తర్వాత చాలామంది లాగే బ్యాంకులో సెక్యూరిటీ గార్డు. యుద్ధంలో తుపాకీ పేల్చలేదనీ, రాత్రిళ్లు లైటు లేకుండా బండ్లు బాగుచేశాననీ ఆయనే చెప్పేవారు. అయినా సంతాప సభకి కాలనీవాళ్లు వేయించిన ఫ్లెక్సీలో ఆయన వెనక యుద్ధవిమానం! ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని 'శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు' అంటుంటే, మా అమ్మ నా చెవిలో "ఎవరి గురించిరా ఈయన చెప్తున్నాడు?" అంది.

నేనైతే అక్క పెళ్లి గురించి చెప్పేవాణ్ణి. ఫంక్షన్ హాలు మల్కాజ్‌గిరిలో, మగపెళ్లివారు జనగామ నుంచి బస్సులో రావాలి. ముహూర్తం దగ్గరపడింది, వాళ్లు రాలేదు. సెల్‌ఫోన్లు లేని రోజులు, చివరికి ఎస్టీడీ బూత్ నుంచి కబురొచ్చింది, ఘట్‌కేసర్ దగ్గర బస్సు ఆగిపోయిందని. ఇంకొకరైతే వేరే బండి పంపేవారు. నాన్న పట్టుపంచెతోనే టూల్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని బాబాయి స్కూటర్ వెనక ఎక్కేశారు. దారిలో డీజిల్ అయిపోతే పోయించారట, కానీ డీజిల్ లైన్లో గాలి పట్టి బండి స్టార్ట్ కావడం లేదు. అది తెలియక డ్రైవర్ సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా దించేశాడు. నాన్న ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ బుడగలన్నీ పోయేదాకా డీజిల్ వదిలి, స్క్రూ బిగించి, అంతటితో ఆగక మగపెళ్లివారిని కిందకి దింపి బస్సు తోయించారు! బాబాయి వద్దన్నా వినలేదట, ఒకటి రెండు మూడు అని ఆయనే లెక్కపెట్టారట. మా బావగారి నాన్నగారు ఎన్నేళ్లయినా "పిల్లనిచ్చే ముందు మా అందరి చేతా మిలిటరీవాళ్లలా వరసకట్టించి ఫాల్-ఇన్ చేయించాడయ్యా" అని నవ్వేవారు. ఆ డీజిల్ మరకల పంచెతోనే పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతుంటే, అమ్మ నీళ్లు పోస్తూ పళ్లబిగువున తిట్టిన తిట్లు పంతులుగారికి కూడా వినబడ్డాయి.

అమ్మకి షుగర్ వచ్చాక, మిలిటరీ బండ్లకి రాసినట్టే ఆవిడకీ ఒక లాగ్‌బుక్ తెరిచారు. తారీఖు, తినకముందు ఎంత, తిన్నాక ఎంత, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, పక్కన తన సంతకం. డాక్టర్లు ఆ పుస్తకం చూసి నవ్వేవారు గానీ మందు మార్చేది మాత్రం దాన్ని బట్టే. మిలిటరీ క్రమశిక్షణ అని ఊరికే అంటారు కదా, నేను చూసింది అదే, సెల్యూట్లూ బూట్ల పాలిషూ కాదు.

కాబట్టి పతకాల పేర్లు చదివి వదిలేయకండి, ఆయన ఇంట్లో ఏం చేసేవారో చెప్పండి. గుర్తు రాకపోతే అత్తగారిని అడగండి, ఆవిడ తిట్టుకుంటూ చెప్పేదే అసలు సంగతి.

మీరు అడగకపోయినా ఇంకొకటి, మీ అత్తగారికి రావలసిన ఫ్యామిలీ పెన్షన్ గురించి. ఆవిడ పేరు మామగారికి ఆర్మీ నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్‌లోనూ, పెన్షన్ కాగితాల్లోనూ, ఆధార్‌లోనూ ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. మా అమ్మ పేరు రికార్డుల్లో ఉత్త లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మీ నరసమ్మ. ఆ ఒక్క ముక్కకి అఫిడవిట్లు చేయించి, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పారు, నడవలేని మనిషిని కౌంటర్ దాకా తీసుకురమ్మన్నారు. సంతాపం చెప్పడానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆ కాగితాల గురించి అడగలేదు. ఫ్యామిలీ పెన్షన్ అప్లికేషన్ ముందు పెట్టేయండి, ఫ్లెక్సీ సంగతి తర్వాత.