అల్లుడూ, డ్యూటీ నీ చేత్తో నువ్వే కట్టు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

కరీంనగర్ గ్రానైట్ యూనిట్ల కోసం చైనా నుంచి కోత మిషన్ తెప్పిస్తున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. కంటైనర్ సనత్‌నగర్ ఐసీడీకి (కంటైనర్లను కస్టమ్స్ తనిఖీ చేసి వదిలే డిపో) వస్తుందట, దిగుమతి సుంకం, అదే డ్యూటీ, సంగతంతా కస్టమ్స్ ఏజెంటే చూసుకుంటాడట. ఆ రెండో మాటే నాకు నచ్చలేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, ఏజెంటు వేయనీ, అది అతనికి తెలిసిన పని. డబ్బు మాత్రం నీ లాగిన్‌తో, నీ ఖాతా నుంచి, నువ్వే కట్టాలి.

ఒక బిల్ ఆఫ్ ఎంట్రీ మీద డ్యూటీ 10,000 రూపాయలు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆన్‌లైన్‌లో కట్టడం తప్పనిసరి. నీది ఎలాగూ లక్షల్లో ఉంటుంది. కాబట్టి మిషన్ ఓడ ఎక్కకముందే కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో రిజిస్టర్ అవ్వు. ఐఈసీ (దిగుమతి, ఎగుమతి చేసేవాళ్లకు ఇచ్చే కోడ్), పాన్, జీఎస్టీ మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకో. ఐఈసీ వివరాలను ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య, ఆ కోడ్ ఇచ్చే డీజీఎఫ్‌టీ సైట్‌లో ఒకసారి కన్‌ఫర్మ్ చేయాలి. లేదంటే అది ఆగిపోతుంది, సరుకు వచ్చాక ఆ సంగతి తెలిస్తే లబోదిబోమనాలి.

రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే మొబైల్ నంబరు, మెయిల్ నీవే ఉండాలి. ఇక్కడ పైలం. నాకు తెలిసిన ఒక మిల్లు యజమాని ఏజెంటు నంబరే ఇచ్చేశాడు. మధ్యలో ఇద్దరికీ లెక్కల దగ్గర చెడింది. ఓటీపీలన్నీ ఏజెంటు ఫోన్‌కు పోతుంటే, ఇతను చేతిలో డబ్బు పెట్టుకుని కూడా కట్టలేక కూర్చున్నాడు. ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ కూడా అంతే, అది ఉండాల్సింది నీ బీరువాలో, ఏజెంటు టేబుల్ సొరుగులో కాదు.

ఇక కట్టే పద్ధతి. 2023 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్ వచ్చింది. ముందు అందులో డబ్బు వేసుకుంటాం, తర్వాత చలాన్ ఎంచుకుని అందులోంచి డ్యూటీ కడతాం. మొదలుపెట్టిన రోజుల్లో సిస్టమ్ బాగా మొరాయించింది, ఆ రోజుల వడ్డీని కస్టమ్స్ బోర్డే మాఫీ చేసింది. నెట్ బ్యాంకింగ్‌తోనూ వేయొచ్చు, ఆర్టీజీఎస్‌తోనూ వేయొచ్చు. అసలు చిక్కు ఎక్కువగా బ్యాంకు దగ్గరే వస్తుంది. కరెంట్ ఖాతాకు రోజువారీ లిమిట్ ఎంతుందో ఇప్పుడే కనుక్కో. మీ ఫర్మ్‌లో ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు ఓకే చేసే ఏర్పాటు ఉంది కాబట్టి, ఆ రోజు నీ పార్ట్‌నర్ ఏ పెళ్లికో పోయి ఫోన్ ఎత్తకుండా ఉండకూడదు.

ఎంత సిద్ధం చేసుకోవాలో ఒక లెక్క రాస్తాను. కస్టమ్స్ లెక్కన సరుకు విలువ 10,00,000 అనుకో. బేసిక్ డ్యూటీ 7.5 శాతమైతే 75,000. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ పదో వంతు, 7,500. సరుకు విలువతో కలిపి ఈ మొత్తం 10,82,500 మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం, 1,94,850. డ్యూటీ, పన్ను అన్నీ కలిపి కట్టాల్సింది 2,77,350. కస్టమ్స్ మారకం రేటు వేరు, బ్యాంకు రేటు వేరు, అందుకని కొంచెం ఎక్కువే పెట్టుకో. ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది గానీ, బిల్ ఆఫ్ ఎంట్రీలో నీ జీఎస్టీ నంబరు సరిగ్గా పడితేనే. తర్వాత, నీకు రావాల్సిన క్రెడిట్లు చూపే జీఎస్టీఆర్-2బీలో కనబడిందో లేదో చూసుకో.

ఆలస్యమైతే వడ్డీ ఏడాదికి 15 శాతం. పై లెక్కకు రోజుకు 114 రూపాయలు. ఇంతేనా అని తేలిగ్గా తీసుకోకు. డ్యూటీ పడందే సరుకు బయటికి వదలరు. ఆలోగా యార్డు అద్దె, షిప్పింగ్ లైనుకు కంటైనర్ అద్దె పెరుగుతూనే ఉంటాయి, జేబు ఖాళీ చేసేవి అవే. బిల్ ఆఫ్ ఎంట్రీని కూడా సరుకు చేరే ముందు రోజుకల్లా వేయించు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 చొప్పున వేస్తారు.

ఖాతాలో డబ్బు కట్ అయి లెడ్జర్‌లో పడినట్టు చూపకపోతే టెన్షన్ పడి రెండోసారి కట్టకు. ట్రాన్సాక్షన్ నంబరు రాసి పెట్టుకుని, లెడ్జర్, చలాన్ స్టేటస్ చూడు. లెడ్జర్‌లో మిగిలింది నీ డబ్బే, వచ్చే కన్‌సైన్‌మెంట్‌కు వాడుకోవచ్చు. అదే ఒక చలాన్‌కు రెండుసార్లు కడితే రిఫండ్ దరఖాస్తు పెట్టి తిరగాలి, అది కూడా ఏడాదిలోపే పెట్టాలి.

ఆదివారం ల్యాప్‌టాప్, టోకెన్ పట్టుకుని హనుమకొండ రా. లెడ్జర్‌లో ఒక వెయ్యి వేసి చూద్దాం. అక్కను కూడా తీసుకురా, అత్త సకినాలు చేస్తానంది.

ఇట్లు,
మీ మామ