పారిష్ రిజిస్టరులో "అన్‌నోన్ సెయిలర్": ఆ మనిషెవరో తేల్చడం ఎలా?

ఇంగ్లండ్ తీరంలోని ఒక పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) ఖనన రిజిస్టరులో 1917 నాటి "అన్‌నోన్ సెయిలర్" (ఎవరో తెలియని నావికుడు) అన్న పద్దు కనిపించిందనీ, అతనెవరో తెలుస్తుందా అనీ అడిగారు. తెలిసే వీలుంది, కాకపోతే రిజిస్టరు ఒక్కటే చాలదు.

ముందు అసలు పేజీ ఫోటో కౌంటీ ఆర్కైవ్స్ నుంచి తెప్పించుకోండి. ఎత్తిరాసిన జాబితాల్లో మార్జిన్ రాతలు ఎగిరిపోతాయి. పేరు తర్వాత తెలిస్తే దాన్ని రాసేది అక్కడే. 1813 నుంచి వస్తున్న అచ్చు ఫారంలో పేజీకి 8 పద్దులు, ఒక్కో దానికి పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, క్రతువు జరిపిన ఫాదర్ సంతకం. చనిపోయిన తేదీకి గడే లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: పూడ్చిన తేదీ పట్టుకుని ఆ వారం మునిగిన ఓడల్ని వెతుకుతారు. శవం వారాల తరబడి నీళ్లలో నానొచ్చు, చలికాలమైతే ఇంకా ఎక్కువ. కనీసం రెండు నెలలు వెనక్కి వెళ్లండి. ఇరుగుపొరుగు పారిష్‌లూ చూడండి. ఒకే ఓడ వాళ్లు నాలుగైదు ఊళ్లలో తేలతారు. "నివాసం" గడిలో కొన్నిసార్లు శవం దొరికిన చోటు ఉంటుంది.

తర్వాత మరణ ధ్రువపత్రం. జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సూచికలో పేరు లేనివాళ్లు అక్షరక్రమంలో కాదు, మూడు నెలల జాబితా చివర, జెడ్ తర్వాత ఉంటారు. ధ్రువపత్రంలో శవం దొరికిన చోటు, ఉజ్జాయింపు వయసు, కొరొనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) విచారణ తేదీ వస్తాయి. ఆ తేదీతో స్థానిక పత్రిక తిరగేయండి. కొరొనర్ ఫైళ్లు చాలావరకు పారేశారు, పత్రికలో మాత్రం పచ్చబొట్టు, బూట్లు, చొక్కా మీద చాకలి గుర్తు దాకా రాసేవారు. ఓడ పేరు మాత్రం యుద్ధకాలపు సెన్సారు వల్ల ఉండకపోవచ్చు. 1808 చట్టం ప్రకారం ఒడ్డుకొచ్చిన శవాన్ని పారిషే పూడ్చి, ఖర్చు కౌంటీ నుంచి రాబట్టుకునేది; కౌంటీ ఖజానా లెక్కలు మిగిలి ఉంటే అవీ పనికొస్తాయి.

"లాస్కర్" అని ఉంటే మన దేశపు నావికుడు కావచ్చు. మీ పద్దు 1917ది కాక రెండో ప్రపంచ యుద్ధం నాటిదైతే బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల పేర్లతో పోల్చండి.

సమాధి దగ్గరికి పరుగెత్తే ముందు శవం ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకోండి. 1959 ఒప్పందం తర్వాత చర్చి ఆవరణల్లోని జర్మన్లు చాలామందిని కానక్ చేజ్‌లోని జర్మన్ సైనిక శ్మశానానికి తరలించారు. రిజిస్టరు మాత్రం పాతదే చెబుతుంది.

పేరు తేలిందనిపిస్తే ఆధారాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌కు పంపండి. మొదటి యుద్ధానికి వాళ్లు లెక్కలోకి తీసుకునే మరణాల కాలం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31. డీఎన్‌ఏ కోసం సమాధి తవ్వనివ్వరు. అందుకే "ఇతనే కావచ్చు" సరిపోదు. అదే ఓడలో గల్లంతైన మిగతావాళ్లెవరూ ఎందుకు కారో కూడా కాగితం మీద చూపాలి.