ఆకు పసర్ల ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో బీఫార్మసీ మూడో ఏడాది. రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థను అణిచే మొక్కల పదార్థాల మీద చివరి సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తానంటోంది. ఆకులు, పసర్లు పట్టుకుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారని మా భయం. – ఓ తండ్రి

జవాబు: ఆకును చూసి ఎవరూ ఇవ్వరండీ. ఆకును సరిగ్గా పరీక్షించడం వస్తే ఇస్తారు. కాబట్టి చేయనివ్వండి.

కాంప్లిమెంట్ అంటే సూక్ష్మజీవుల మీద వరసగా విరుచుకుపడే రక్త ప్రోటీన్లు. అదుపు తప్పితే మన ఎర్రకణాలనూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. దీనికి అమెరికాలో 2007లో ఎకులిజుమాబ్ ఇంజెక్షన్, 2023లో నోటితో మింగే ఇప్టాకోపాన్ అనుమతి పొందాయి. మొక్కల మందు ఇంకా ఆ దశకు రాలేదు. తులసి, రోజ్‌మేరీలలో ఉండే రోజ్‌మెరినిక్ ఆమ్లం మాత్రం కాంప్లిమెంట్‌లోని సీ3బీ అనే ప్రోటీన్‌కు అతుక్కుని, అది కణం మీద కూర్చోకుండా ఆపుతుంది. శుద్ధమైన రోజ్‌మెరినిక్ ఆమ్లం కొని, పోల్చి చూడటానికి పక్కన పెట్టుకోవాలి.

పరీక్ష ఇలా ఉంటుంది. యాంటీబాడీ పూసిన గొర్రె ఎర్రకణాలకు మనిషి సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి తీసే ద్రవం) కలిపితే, అందులోని కాంప్లిమెంట్ వల్ల కణాలు పగులుతాయి. సీరంతో పసరును ముందే 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, తర్వాత కణాలు కలిపి, పగుళ్లు ఎంత తగ్గాయో 541 నానోమీటర్ల కాంతి దగ్గర చదవాలి. నెల్లూరు గొర్రెలకు పేరున్న జిల్లా కదా అని కబేళా రక్తం బకెట్లో పట్టుకొస్తే పనికిరాదు. శుభ్రంగా తీసి, గడ్డకట్టకుండా కాపాడే ఆల్సీవర్ ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

ఎక్కువ ప్రాజెక్టులు బోల్తా పడేది ఇక్కడే. సీరం బదులు, రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులోని ప్లాస్మా వాడితే కాంప్లిమెంట్‌కు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం బంధించబడి పరీక్షే నడవదు. సీరంను మైనస్ 80లో దాచాలి, లేదంటే ఐస్ మీద ఉంచి అదే రోజు వాడేయాలి. మామూలు ఫ్రిజ్‌ను నమ్ముకోవద్దు. పసరులో టానిన్లు (వగరు పదార్థాలు) ఉంటే ఏ ప్రోటీన్‌కైనా అతుక్కుని ‘అణిచింది’ అనిపిస్తాయి. టానిన్లను పట్టుకునే పాలీఅమైడ్‌తో వాటిని తీసేసి మళ్లీ చూడాలి. కొన్ని పదార్థాలు కాల్షియం, మెగ్నీషియాలను లాగేసుకుంటాయి. ఆ రెండూ అదనంగా వేస్తే ప్రభావం పోతే, అది అసలు ఫలితం కాదన్నమాట. సాపోనిన్లు (నురగ వచ్చే పదార్థాలు) ఇందుకు విరుద్ధంగా, సీరం లేకుండానే కణాలను పగలగొడతాయి. అందుకని పసరు, కణాలు మాత్రమే ఉన్న గొట్టం ఒకటి, 56 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి కాంప్లిమెంట్‌ను పనిచేయకుండా చేసిన సీరంది ఒకటి, పసరు రంగుకి ఒకటి తప్పనిసరి. ఈ గొట్టాలు లేని ప్రాజెక్టు రిపోర్టును నేనైతే పక్కన పెట్టేస్తాను.

మనిషి సీరం వాడాలంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అది ముందే అడగమనండి, సెమిస్టర్ మొదలయ్యాక అడిగితే ఆలస్యమే.

ఇక ఉద్యోగం. కాంప్లిమెంట్ సాయంతో కణాలను చంపే పరీక్ష రిటుక్సిమాబ్ లాంటి యాంటీబాడీ మందుల బయోసిమిలర్లకు (అసలు మందును పోలిన రూపాలకు) అవసరం. అలాంటి పని హైదరాబాద్‌లో ఉంది. పసరులో ఏ పదార్థం ఎంతుందో హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) చూపగలిగితే క్వాలిటీ కంట్రోల్ దారీ తెరుచుకుంటుంది. ఎంఫార్మసీకి వెళ్లాలంటే జీప్యాట్ (జాతీయ స్థాయి ఫార్మసీ పరీక్ష) రాయడం మంచిది. అర్హత సాధించి ఆమోదం ఉన్న కాలేజీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంటుంది. హైదరాబాద్ నైపర్‌లో (కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థలో) సీటుకి వేరే ప్రవేశ పరీక్ష ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టు, జీప్యాట్ రెండూ మీద పడతాయి కాబట్టి, చదువు ఈ వేసవిలోనే మొదలుపెట్టించండి.