ఎస్‌ఎస్‌హెచ్‌లో పంపిన కమాండ్ ఎక్కడ నడుస్తుంది, లైన్ తెగితే ఎందుకు ఆగుతుంది?

తమ్ముడూ, ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌ని దారిలో ఎవరూ వినకుండా మన దగ్గర్నుంచే నడిపించే పద్ధతి. దాని గురించి నువ్వు అడిగినవి మూడు. గుణుపురంలో కూర్చుని క్లౌడ్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌లో కమాండ్ పంపితే అది నీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా, సర్వర్‌లోనా? లాగినై కొడితే చక్కగా నడిచే బ్యాకప్ స్క్రిప్టు, ఒకే లైన్లో పంపితే 'కమాండ్ నాట్ ఫౌండ్' అని ఎందుకంటోంది? లైన్ తెగగానే బ్యాకప్ కూడా ఎందుకు ఆగిపోతోంది? మూడింటికీ మూలం ఒక్కటే. కమాండ్‌ని నడిపేది అక్కడి మెషిన్, అక్కడి షెల్ (కమాండ్లని చదివి నడిపించే ప్రోగ్రామ్), అక్కడి యూజర్ పేరు మీద. నీ దగ్గర్నుంచి వెళ్లేది అక్షరాలే. ఇది బాగా మనసుకి పట్టించుకో, మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి.

నాది పర్లాకిమిడి. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం బిల్లింగ్ సర్వర్‌ని ఇంటి నుంచే చూసుకుంటాను. పెట్టె ఎక్కడో పై అరలో చీరల మూటల వెనక ఉంటుంది, దానికి మానిటరూ లేదు, కీబోర్డూ లేదు. రాత్రిపూట షావుకారు ఫోన్ చేసి 'బిల్లులు రావట్లేదు బాబూ' అంటే ఉన్న దారి ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే. అందుకే ఇది లోపల ఎలా నడుస్తుందో శ్రద్ధగా నేర్చుకున్నాను.

సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రామ్ ఎప్పుడూ 22వ పోర్టు (కనెక్షన్లు వచ్చే నంబరు గుమ్మం) దగ్గర కాచుకుని ఉంటుంది. నువ్వు కనెక్ట్ అవగానే నీకోసం విడిగా ఒక ప్రాసెస్‌ని (నడిచే ప్రోగ్రామ్‌ని) పుట్టిస్తుంది. ముందు రెండు వైపులా కలిసి ఒక రహస్య తాళంచెవి కుదుర్చుకుంటాయి. సర్వర్ తన హోస్ట్ కీ చూపించి 'నేను ఫలానా మెషిన్‌నే' అని రుజువు చేసుకుంటుంది. మొదటిసారి 'ఈ ఫింగర్‌ప్రింట్‌ని నమ్ముతావా' అని అడిగేది ఇక్కడే; ఫింగర్‌ప్రింట్ అంటే ఆ హోస్ట్ కీకి పొట్టి గుర్తు. చూడకుండా 'యస్' కొట్టేయకు. సర్వర్ ఇచ్చినవాళ్ల దగ్గర అడిగి ఒకసారి సరిచూసుకో. తర్వాత నీ పాస్‌వర్డో, నీ కీనో (పాస్‌వర్డుకి బదులు వాడే తాళంచెవి ఫైల్) చూసి, నువ్వెవరో తేల్చుకుంటుంది. అప్పుడు ఆ ప్రాసెస్ నీ యూజర్ హక్కుల్లోకి దిగి, ఆ సర్వర్‌లో నీ పేరు మీద రాసి ఉన్న షెల్‌ని లేపి, నువ్వు పంపిన లైన్‌ని దాని చేతిలో పెడుతుంది. వచ్చిన ఫలితం ఒక ధారగా, ఎర్రర్లు వేరే ధారగా నీ స్క్రీన్ మీదికి వస్తాయి. చివర్లో ఎగ్జిట్ స్టేటస్, అంటే పని ఎలా ముగిసిందో చెప్పే అంకె, వస్తుంది. 0 అయితే పని జరిగినట్టు. 255 వస్తే చాలావరకు ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షనే కుదరలేదని అర్థం. బ్యాకప్ స్క్రిప్టులో ఆ అంకె తప్పకుండా చూడు, 'జరిగిపోయి ఉంటుందిలే' అనుకోవడం చాలా ప్రమాదం.

నమ్మకం కుదరకపోతే 'డేట్' అన్న కమాండ్ పంపి చూడు. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో ఉంటాయి. నీ గోడ గడియారంకన్నా 5:30 గంటలు వెనక చూపిస్తే, ఆ కమాండ్ నడిచింది గుణుపురంలో కాదని నీకే తెలుస్తుంది.

ఇక 'కమాండ్ నాట్ ఫౌండ్' సంగతి. లాగినైనప్పుడు లేచేది లాగిన్ షెల్, అది నీ సెట్టింగులుండే ప్రొఫైల్ ఫైల్ చదువుకుంటుంది. ఒకే లైన్లో పంపినప్పుడు లేచేది లాగిన్ షెల్ కాదు, దానికి ఎదురుగా టెర్మినల్ కూడా ఉండదు. ఉబుంటులో (ఒక రకం లినక్స్) షెల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైల్ మొదట్లోనే 'ఎదురుగా మనిషి లేకపోతే ఇక్కడితో ఆగిపో' అన్న లైన్ ఉంటుంది. కమాండ్లని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా (పాత్) నువ్వు చేర్చింది ఆ ఫైల్ అడుగున అయితే అక్కడిదాకా షెల్ రానే రాదు. స్క్రిప్టు పేరుకి బదులు అది ఉన్న చోటు మొత్తం, అంటే పూర్తి పాత్, రాయి. నాకు తెలిసి ఇంతకన్నా నికరమైన మందు లేదు.

దీనికి తోడు కోట్స్ గొడవ ఒకటుంది. నువ్వు రాసిన లైన్‌ని రెండు షెల్‌లు చదువుతాయి, ముందు నీది, తర్వాత సర్వర్‌ది. స్టార్ గుర్తు కోట్స్ లేకుండా రాస్తే నీ షెల్ దాన్ని ముందుగా నీ ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లతో పోల్చి చూస్తుంది. ఫలితాన్ని ఫైల్లోకి మళ్లించే బాణం గుర్తు కోట్స్ బయట ఉంటే ఫైల్ నీ దగ్గర తయారవుతుంది, లోపల ఉంటే సర్వర్‌లో. ఇది తెలిసి వాడుకుంటే చాలా లాభం. దుకాణం డేటాబేస్ డంప్‌ని (మొత్తం నకలుని) సర్వర్ డిస్కు మీద ముట్టకుండా నేరుగా నా కంప్యూటర్‌లోకి తెచ్చుకునేది ఇలాగే.

మూడోది మన సరిహద్దు ఊళ్ల బాధ. పాతపట్నం మాకు ఆనుకునే ఉంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తుంటే ఫోన్ కాసేపు ఒడిశా సర్కిల్ సిగ్నల్ పట్టుకుంటుంది, కాసేపు ఆంధ్రాది. ఐపీ అడ్రస్ (నెట్‌లో నీ చిరునామా) మారిందా, ఎస్‌ఎస్‌హెచ్ నడిచే టీసీపీ కనెక్షన్ చచ్చినట్టే, ఎందుకంటే దాన్ని గుర్తుపట్టేదే రెండు వైపుల ఐపీలూ పోర్టులూ పెట్టి. కనెక్షన్ పోయిందని తెలిశాక సర్వర్ నీ టెర్మినల్‌ని మూసేస్తుంది. దాని కింద నడుస్తున్నవాటికి హ్యాంగప్ సిగ్నల్ అందుతుంది. చాలా ప్రోగ్రాములు ఆ సిగ్నల్ అందగానే ఆగిపోతాయి. నీ బ్యాకప్ ఆగేది అందుకే.

లాగినవగానే టీమక్స్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టి, బ్యాకప్‌ని దాని లోపల నడుపు. టీమక్స్ నీ కనెక్షన్‌తో పనిలేకుండా సర్వర్‌లో విడిగా బతుకుతుంది. లైన్ తెగితే మళ్లీ లాగినై 'అటాచ్' చేస్తే పని ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది. సిగ్నల్ మరీ ఊగిసలాడే చోట ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌కి బదులు వాడే మోష్ కూడా బాగుంటుంది. 2012లో వచ్చింది, టీసీపీకి బదులు యూడీపీ అనే పద్ధతి మీద నడుస్తుంది, ఐపీ మారినా సెషన్ నిలబడుతుంది. కాకపోతే సర్వర్ ఫైర్‌వాల్‌లో 60000 నుంచి 61000 దాకా యూడీపీ పోర్టులు తెరిచి ఉండాలి.

'టెల్నెట్ సరిపోదా' అని కూడా రాశావు. వద్దు. టెల్నెట్, ఆర్‌ఎస్‌హెచ్ లాంటి పాత రిమోట్ లాగిన్ పద్ధతులు అన్నీ బాహాటంగానే పంపుతాయి, దారిలో ఎవరైనా వినొచ్చు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలిస్తేనే టాటూ యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పోర్టు 21, టెల్నెట్‌ది 23, మధ్యలో ఖాళీగా ఉన్న 22ని తీసుకున్నాడు. మనం రోజూ వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.

ఇంకొక్కటి, నువ్వు అడగకపోయినా చెప్తాను. బ్యాకప్ కోసం పెట్టిన కీకి పూర్తి షెల్ ఇవ్వకు. సర్వర్ ఒప్పుకునే కీల జాబితా ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆ కీ ఉన్న లైన్ మొదట్లో 'కమాండ్' అని పెట్టి, స్క్రిప్టు పూర్తి పాత్ రాయి. పక్కన 'రెస్ట్రిక్ట్' అని కూడా చేర్చు. అప్పుడు ఆ కీతో వచ్చినవాళ్లు ఏం కొట్టినా నడిచేది ఆ స్క్రిప్టు ఒక్కటే. మా దుకాణం గుమాస్తాకి స్టాక్ రిపోర్టు కోసం ఇలాంటి కీనే ఇచ్చాను. ముందు కొత్త కీ ఒకటి తయారుచేసి దాని మీద ప్రయత్నించు. పాత కీతో తెరిచిన సెషన్‌ని అది తేలేదాకా మూయకు, లైన్‌లో ఏ అక్షరం తప్పినా సరిచేసుకోడానికి అది ఉండాలి.