పందులకే టీకా వేసేస్తే పోదా డాక్టరు గారూ?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. సందు చివర పందుల దొడ్డి ఉంది. నాన్నగారికి 68 ఏళ్ళు, షుగరు. స్వైన్ ఫ్లూ భయంతో పోయినేడాది టీకా వేయించాం. మళ్ళీ వేయించాలంటున్నారు. ఎందుకండి? ఆ పందులకే టీకా వేసేస్తే గొడవ వదిలిపోదా?

జవాబు: ముందు పందుల మీద నింద కొంచెం దించుదాం. స్వైన్ ఫ్లూ వైరస్ పందుల్లోంచి వచ్చిన మాట నిజమే. కానీ 2009 నుంచి అది మనిషి నుంచి మనిషికే దగ్గు తుంపరలతో పాకుతోంది. ఆ ఏడాది మే నెలలో దేశంలో తొలి కేసు హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానంలో వచ్చిన ప్రయాణికుడిలో బయటపడింది. మీ నాన్నగారికి ఆ దొడ్డి కన్నా పెళ్ళిపందిరే ఎక్కువ ప్రమాదం.

టీకాతో పుట్టే యాంటీబాడీలు వైరస్ పైనుండే ముళ్ళలాంటి ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. అది తరచూ రూపు మారుస్తుంది, పాత యాంటీబాడీలకు ఆనవాలు చిక్కదు. నెలలు గడిచేకొద్దీ అవీ తగ్గిపోతాయి. అందుకే ఏటా సూది.

మన ఒంట్లో టీ కణాలని ఇంకో రకం ఉన్నాయి. ఇవి వైరస్ లోపలి ప్రొటీన్ల ముక్కలను బట్టి, వైరస్ దూరిన కణాన్ని పసిగట్టి చంపేస్తాయి. లోపలి ప్రొటీన్లు అంతగా మారవు. ఊపిరితిత్తుల్లోనే కాపలా ఉండే టీ కణాలను పెంచితే ఒకే టీకా చాలా రకాల ఫ్లూలకు పనికొస్తుందని ఆశ. దీన్ని పందుల్లోనే పరీక్షిస్తున్నారు: వాటి ఊపిరితిత్తులు మనవాటిని పోలి ఉంటాయి, ఫ్లూ వాటికీ సహజంగానే వస్తుంది. ముక్కుతో పీల్చే టీకా ఇస్తే టీ కణాలైతే బాగానే పెరిగాయి, వైరస్ మాత్రం ఒక ప్రయోగంలో తగ్గలేదు. టీ కణాలు దొంగను గుమ్మంలో ఆపవు మరి, ఇంట్లో దూరాకే పట్టుకుంటాయి.

పందులకు టీకాలు విదేశీ ఫారాల్లో వేస్తున్నారు. అక్కడ చిక్కేమిటంటే, తిరుగుతున్న వైరస్‌కీ టీకాకీ పొంతన కుదరకపోతే కొన్ని పందుల్లో ఊపిరితిత్తుల జబ్బు ఇంకా ముదిరింది. ఇది పందుల సంగతి, నాన్నగారి టీకా గురించి టెన్షన్ పడకండి.

నిజం చెప్పాలంటే, డెల్టాలో పందులంటే నాకు భయం మెదడువాపు విషయంలో. వరిచేల నీళ్ళలో పెరిగే దోమ పంది రక్తం తాగి పిల్లల్ని కుడుతుంది. దోమతెర వాడండి.

నాన్నగారికి వానలు మొదలవకముందే టీకా వేయించండి, పట్టు రావడానికి రెండు వారాలు కావాలి. జ్వరంతో ఆయాసం వస్తే మెడికల్ షాపులో మాత్రలు కొనకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలెడితేనే బాగా పనిచేస్తుంది.