నడుం ఆపరేషన్, రెండు నెలల రెస్ట్: ఈఎస్ఐ నుంచి ఎంత వస్తుంది?

ప్రశ్న: జీడిమెట్లలో ఓ ఫ్యాక్టరీలో రెండున్నరేళ్లుగా చేస్తున్నాను. జీతం 18,000. ఈఎస్ఐకి నెలకు 135 కోస్తారు. డిస్క్ జారిందని ఫిబ్రవరిలో ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, 60 రోజులు రెస్ట్ అన్నారు. ఈ రెండు నెలలూ జీతం రాదట. మూడు రూపాయల వడ్డీకి 50,000 తేవాలనుకుంటున్నా. వికలాంగుల పింఛను వస్తుందా? పనిలో డ్రమ్ము ఎత్తుతుంటే నడుం పట్టేసింది, బాధ అప్పుడే మొదలైంది.

జవాబు: అప్పు సంగతి తర్వాత. మీరు చివర్లో చెప్పిన డ్రమ్ము మాటే అన్నిటికన్నా విలువైనది.

ముందు మామూలు జబ్బు లెక్క. ఫిబ్రవరిలో మంచాన పడితే నిరుడు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చూస్తారు. అందులో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. అక్టోబరు నుంచి కట్టింది జులై నుంచే పనికొస్తుంది. కంపెనీ మీ పేరున నెలనెలా ఎన్ని రోజులు చూపించిందో ఈఎస్ఐ పోర్టల్‌లో చూసుకోండి. ఆరు నెలలకు 180 రోజులు చూపిస్తే రోజు సగటు 600, అందులో 70 శాతం అంటే 420. మొదటి రెండు రోజులకు ఇవ్వరు. మిగతా 58 రోజులకు 24,360. ఏడాదికి 91 రోజులు మించదు.

అదే పనిలో జరిగిన ప్రమాదమని ఒప్పుకుంటే 78 రోజుల షరతే లేదు, 90 శాతం ఇస్తారు. రోజుకు 540 చొప్పున 60 రోజులకు 32,400. అయితే ప్రమాదం రిపోర్టు కంపెనీయే పంపాలి. ఏ రోజు, ఏ షిఫ్టు, పక్కన ఎవరున్నారో రాసి హెచ్ఆర్‌కు ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. ఆలస్యమైంది కాబట్టి విచారణ జరగొచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘బరువు ఎత్తినప్పుడు మొదలైంది’ అని ఉంటే సగం పని అయినట్టే.

ఏ దారికైనా ప్రైవేటు డాక్టరు చీటీ ఒక్కటే చాలదు. ఆపరేషన్ కాగితాలు, ఎంఆర్ఐ తీసుకుని మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకి ఇవాళే వెళ్లండి, లేవలేకపోతే ఇంట్లోవాళ్లను పంపండి. సర్టిఫికెట్ ఇచ్చేది అక్కడి డాక్టరే. పాత తేదీలకు ఇవ్వడానికి ఒప్పించడం కష్టం, కాబట్టి పోయే ప్రతి రోజూ డబ్బే.

ఇక హెచ్ఆర్ ‘ముందు ఈఎల్స్ (జీతంతో కూడిన సెలవులు) వాడుకోండి’ అంటే తలూపకండి. జీతం తీసుకున్న రోజుకు బెనిఫిట్ రాదు. జబ్బు లెక్కలోకి వెళ్తే మాత్రం ఆ మొదటి రెండు రోజులకు ఈఎల్ పెట్టుకోండి.

91 రోజులు దాటినా కోలుకోకపోతే డిస్క్ జారడం దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, గత నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 156 రోజులకు చందా ఉంటే 80 శాతం ఇస్తారు.

పింఛను మీకు వర్తించదు. తెలంగాణలో నెలకు 4,016 రావాలంటే ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. కోలుకుంటున్న నడుం నొప్పికి అది ఇవ్వరు.

రెండు నెలల జీతం 36,000. జబ్బు లెక్కలో, రెండు ఈఎల్స్ పోను తగ్గేది 10,440. ప్రమాదమైతే 3,600. అప్పు చేస్తే ఆ మేరకే చేయండి. డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలి కనుక, 60 రోజులూ అయ్యాక ఒకేసారి క్లెయిమ్ చేయకండి. సర్టిఫికెట్ వచ్చినప్పుడల్లా పెట్టుకోండి.